లీవ్ పెట్టి రైలెక్కినాను

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండప్పా, మధ్యలో నవ్వితే నాకు కథ తప్పిపోతాది. మూడు నెలల కింద నేను చేసిన ఘనకార్యం మా కేజీఎఫ్‌లో కోరమాండల్ స్టేషన్ నుంచి బెంగుళూరు దాకా రైల్లో ప్రతి బోగీకీ తెలిసిపోయింది. టీసీ కూడా నన్ను చూస్తే మొహం పక్కకు తిప్పుకొని నవ్వుతా ఉండాడు. తెలియనిది మీకే. వేరేవాళ్ల నోట విన్నారంటే ఇంగ నాలుగు కలిపి చెప్తారు, అందుకని నేనే చెప్పేస్తాను.

విషయం ఒక్క ముక్కలో ఇదీ. మా పాపను కోలారు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని ఆఫీసుకు లీవ్ పెట్టినాను. ఆ లీవ్ రోజున తెల్లారి లేచి, స్నానం చేసి, ఆఫీసు రైలెక్కి నిద్రపోయినాను! పాప ఫైలంతా నా ఒళ్లో ఉండాది. పాప మాత్రం కోలారులో ఉండాది.

టీ తాగండి. మొదటి నుంచీ చెప్తాను.

మా కేజీఎఫ్ వాళ్ల బతుకు మీకు తెలిసిందే. మా తాత కుప్పం పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికని వచ్చినాడు. మా నాయనా అదే గనిలో దిగినాడు. నా వంతు వచ్చేసరికి గని మూసేసినారు. మిగిలింది రైలు. పొద్దు పొడవకముందే ఊళ్లో సగం మంది బెంగుళూరికి పోతాం, మళ్లీ ఇంటికొచ్చేది పడుకునేదానికే. నేనొక కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాని. పదిహేడేండ్లుగా అదే రైలు, అదే నాలుగో బోగీ, అదే కిటికీ సీటు. అలారం మోగుతాది, బ్యాగు భుజానికి తగులుతాది, కాళ్లు మా సందు చివర కుడిపక్కకు తిరుగుతాయి, స్టేషన్ వస్తాది, తల కిటికీకి ఆనుతాది, బంగారుపేట రాకముందే గురక. ఈ మొత్తం వ్యవహారంలో నా బుర్రకు డ్యూటీ ఏమీ లేదు.

ఇది మా వంశంలోనే ఉండాదనుకోండి. గని మూసేసినాక కూడా మా నాయన మూడు నెలలు షిఫ్టు టైంకి లేచి, క్యారియర్ పట్టుకొని, షాఫ్ట్ గేటు దాకా పోయేవాడు. అక్కడ తాళం చూసి, "ఓ, అవును కదా" అనుకొని వాపసు వచ్చేవాడు. మా అమ్మ నీళ్ల చెంబు అందించేది. ఆ క్యారియర్లో అన్నం ఇంట్లోనే గోడకానుకొని తినేవాడు. అప్పట్లో నాకు భలే నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు.

ఇంగ మా పాప గురించి. పేరు యామిని. తొమ్మిదేండ్లు. పుట్టినప్పుడు ఏడవలేదు, ఆలస్యంగా ఏడ్చింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్లు బిగుసుకొని ఉంటాయి, ఇనుప పట్టీల బూట్లు వేస్తేనే నిలబడతాది. మాట నిదానం. ఒక్కో మాటకూ మధ్యలో మనం ఒక గుటక టీ తాగొచ్చు. కానీ బుర్ర ఉండాది చూడండి, అది మాత్రం ఎక్స్‌ప్రెస్! ఆ నిదానంగా వచ్చే మాట కూడా సరిగ్గా తగలాల్సిన చోటే తగులుతాది. ఇంట్లో ఎక్కువగా తగిలేది నాకే.

బెంగుళూరులో ఆమెకు వ్యాయామాలు నేర్పించే మేడం ఒకామె ఉండాది. ఆమె చెప్పింది, "వారానికొకసారి తీసుకురండి. అట్లయితే వాకర్ పట్టుకొని స్కూలుకు తనంతట తాను నడుస్తాది. ఎదిగే వయసు, ఇప్పుడు వదిలేస్తే కండరాలు బిగుసుకుపోతాయి, తర్వాత నేనేమీ చేయలేను" అని. మేము పోతా ఉండేది నెలకొకసారి. ఎందుకంటే పోయినప్పుడల్లా కారు మాట్లాడుకోవాల. మా రైలు రద్దీలో మామూలు మనిషికే కాలు పెట్టేదానికి చోటుండదు, ఇనుప పట్టీల కాళ్లు యాడ పెడతాది? వికలాంగుల బోగీ ఒకటి ఉండాది, కానీ దాంట్లో ఎక్కాలంటే సర్టిఫికెట్ కావాల. రైల్వే రాయితీ కావాలన్నా సర్టిఫికెట్టే. నా జీతంలో ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు కావాలన్నా అదే. మా ఆఫీసు అకౌంట్స్ ఆయన, "మురళీ, వికలాంగ బిడ్డ ఉన్న తండ్రికి సెక్షనే ఉండాదయ్యా! కాగితం తెచ్చి నా మొహాన కొట్టు, ఆ ట్యాక్స్ నేను ఆపిస్తాను" అని రెండేండ్లుగా అరుస్తా ఉండాడు. ఈసారి ఆయన గడువు కూడా పెట్టినాడు. ఆ నెల దాటితే ఆ ఏడాదికి ఇంగ లేదన్నట్టే.

అంటే మా పాప నడక మొత్తం ఒక కాగితం కాడ ఆగిపోయి ఉండాది.

ఆ కాగితం ఇచ్చే డాక్టర్ల బోర్డు కోలారులో వారానికి ఒక్క రోజు కూర్చుంటాది. మేము ఒకసారి తేదీ తీసుకుంటే పాపకు జ్వరం వచ్చింది. రెండోసారి నేను దరఖాస్తు ప్రింటు టేబుల్ మీదనే మరిచిపోయి పోయినాను. ఇది మూడోసారి. నేను ఎంత జాగ్రత్తగా ఉండానంటే, దరఖాస్తు నంబరు పొద్దునా సాయంత్రం గట్టిగా చదివేవాణ్ణి. ఫోన్లో హెల్ప్‌లైన్ వాళ్లకు చెప్పీ చెప్పీ ఇంట్లో మంత్రం మాదిరి అయిపోయింది.

ప్లాన్ కూడా పక్కాగా వేసినాను. నేను మొదటి బస్సుకు ముందుగా పోయి, ఫైలు చూపించి టోకెన్ పట్టుకుంటాను. నా భార్య సరళ పాపకు బూట్లు వేసి, ఇడ్లీ పెట్టి, వాళ్ల తమ్ముని ఆటోలో వెనక వస్తాది. ఫైల్లో పాత స్కానింగులు, పుట్టినప్పటి ఆసుపత్రి చీటీలు, ఆధార్, ఫోటోలు, రైల్వే ఫారం, ట్యాక్స్ ఫారం, అన్నీ ఒరిజినల్స్. ఆ ఫైలు నేను ఆఫీసు బ్యాగులో పెట్టుకుంటా ఉంటే సరళ చూసింది.

"ఏమయ్యా, అది వద్దు. చేతి సంచిలో పట్టుకో."

"ఎందుకు?"

"ఆ బ్యాగు తగిలించుకుంటే నీ కాళ్లు ఆఫీసుకే పోతాయి."

నేను నవ్వినాను! నవ్వి, "నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అనినాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆపొద్దు అలారం మోగింది. స్నానం. బ్యాగు భుజానికి తగిలింది. సందు చివర బస్టాండుకు ఎడమపక్కకు తిరగాల. నేను తిరిగింది ఎటో మీకు చెప్పే పని లేదు. బ్యాగు తేలిగ్గా ఉండాదని కూడా అనిపించింది నాకు. ఎందుకుండదు, టిఫిన్ బాక్సు లేదు కదా! ఆ మాట తట్టాల కదా? తట్టలేదు. ఈపొద్దు సరళ ఉప్మా పెట్టినట్టుండాది, అందుకే తేలిక అనుకున్నాను. కిటికీ సీటు దొరికింది. తల ఆనించినాను. అంతే, ఇంగ నాకేమీ తెలీదు.

నా పక్కన కూర్చునే సెల్వం బంగారుపేటలో ఎక్కుతాడు. పదేండ్ల స్నేహం. నన్ను చూసి ఆశ్చర్యపోయినాడంట, కానీ లేపలేదు. నిద్రలో లేపితే నేను కరుస్తానని బోగీలో అందరికీ తెలుసు. టేకల్ స్టేషన్లో మా బండిని ఆపేసినారు, వెనక ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇయ్యాలని. టీ అమ్మేవాడు అరిస్తే నేను కళ్లు తెరిచినాను. సెల్వం ఒక టీ నా చేతికిచ్చి, మెల్లగా అడిగినాడు.

"మురళీ, ఈపొద్దు నీకు లీవ్ కదా?"

"అవును."

"పాపకు ఆసుపత్రి కదా?"

"అవును, కోలారులో."

"మరి ఇక్కడేం చేస్తా ఉండావు?"

టీ నా చేతిలో ఉండాది. నేను సెల్వం మొహం చూసినాను. కిటికీలోంచి బోర్డు చూసినాను. టేకల్ అని మూడు భాషల్లో రాసి ఉండాది. మూడూ చదివినాను, ఏదన్నా ఒక దాంట్లో కోలారు అని ఉంటాదేమోనని.

సరిగ్గా అప్పుడే ఫోన్. సరళ.

"మేం బయల్దేరినాం. నువ్వు యాడుండావు?"

"వచ్చేసినాను, కోలారు దగ్గర్లోనే..."

అప్పుడే ఎక్స్‌ప్రెస్ వచ్చింది చూడండి, పక్క లైన్లో! చెవులు పగిలేటట్టు కూత వేసుకుంటా పోయింది.

"ఏమయ్యా, ఆ కూత ఏంది?"

"బస్సు... రైల్వే గేటు కాడ నిలబెట్టినారు."

"కోలారు దగ్గర్లో గేటు యాడుండాది?"

నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టినాను. సరళకు నా అబద్ధం బాగా అర్థమవుతాది. పన్నెండేండ్ల సంసారం. "టీ, టీ, కాఫీ" అని ఆ టీ అమ్మేవాడు ఫోన్లోకే అరిచినట్టు అరిచినాడు. అవతల నుంచి ఒక పెద్ద ఊపిరి వినిపించింది.

"బ్యాగు తగిలించుకుంటివి కదా?" అనింది. అంతే. తిట్టింటే బాగుండు.

బండి కదిలేలోపల దూకేసినాను. నా చేతిలోని టీ ప్లాట్‌ఫారం తాగింది. సెల్వం కిటికీలోంచి, "గేటు కాడికి ఉరుకు! టమోటా బండ్లు పోతాయి కోలారుకు!" అని అరిచినాడు. ఆ మాట చెప్పకపోతే నేను అక్కడే బస్సు కోసం మధ్యాహ్నం దాకా నిలబడి ఉందును. ఉరికినాను. నలభై దాటిన పొట్ట, ఆఫీసు బూట్లు. రోడ్డు మీద ఒక టెంపో వస్తా ఉండాది, వెనక నిండా టమోటా బాక్సులు. రెండు చేతులూ చాపి రోడ్డుకు అడ్డంగా నిలబడినాను.

బండి ఆగింది. డ్రైవర్ సీట్లో ఒక పెద్దాయన, తలకు టవల్. పక్కన వాళ్ల ఆవిడ. ఆయన పేరు చౌడప్ప అని తర్వాత తెలిసింది. అక్కడే తోట, కోలారు మార్కెట్‌కు టమోటా ఏసుకొని పోతా ఉండాడు.

"యాడికిప్పా? సచ్చేదానికి నా బండే దొరికిందా నీకు?"

"అన్నా, కోలారు పెద్దాసుపత్రికి. నా బిడ్డ ఆడుండాది, బిడ్డ ఫైలు నా కాడ ఉండాది."

"మల్ల నువ్వీడ ఎందుకుండావు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. లీవ్, బ్యాగు, కాళ్లు, నిద్ర, అన్నీ. ఆయన వాళ్ల ఆవిడ పక్క చూసినాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని కిటికీ పక్కకు తిరిగింది. భుజాలు ఊగుతా ఉండాయి.

"ఎక్కు. ముందర జాగా లేదు, ఎనక ఎక్కు. టమోటా మింద మాత్రం కూకోవద్దు, బాక్సు అంచు మింద కూకో."

బాక్సు అంచు మీదనే కూర్చున్నాను, ప్రమాణం చేసి చెప్తాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా.

అది దాటినాక నేను యాడ కూర్చున్నానో నా ప్యాంటుకు తెలుసు. మళ్లీ అంచు మీదికి జరిగినాను. ఇంగో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. మన జిల్లాలో వాటికేం కరువు? మూడోదానికి ఇంగ జరిగేది కూడా మానేసినాను. ఫైలు మాత్రం రెండు చేతుల్తో నెత్తి మీద పెట్టుకున్నాను, దానికి తడి తగలకూడదని. ఎదురుగా స్కూలు బస్సొకటి పోయింది. అందులో పిల్లోళ్లు నాకు టాటా చెప్పినారు. నేను చెప్పలేకపోయినాను, చేతులు ఖాళీ లేవు.

ఊరు దగ్గర పడతానే ముందర మొగుడూ పెళ్లాం మాటలు నాకు వినబడినాయి.

"ముందు మార్కెట్‌కు పోదాం, టమోటా ఏలం మొదలైపోతాది. ఈయన ఆడి నుంచి ఆటోలో పోతాడు" అనిందామె.

"ఏలం రేపూ ఉండాది. ఆ డాక్టర్లు వారానికి ఒక్క దినమే కదే! మా తమ్ముని పోలియో కాయితానికి మా అమ్మ ఎన్ని తూర్లు తిరిగిందో నీకేం తెలుసు? నువ్వు అప్పటికి మా ఇంటికి రాలేదు."

"అయితే బేగ తోలు" అనిందామె.

టమోటా అమ్మేవాళ్లకు ఏలానికి ఆలస్యమైతే రేటు పడిపోతాది. ఆయన బండిని నేరుగా ఆసుపత్రి గేటు ముందర ఆపినాడు. నేను దిగి జేబులో చెయ్యి పెట్టినాను. పాడైన టమోటాలకైనా ఇద్దామని. ఆయన కసిరినాడు.

"పోప్పా లోపలికి! బిడ్డ కాచుకొని ఉండాది. టమోటా నువ్వు తినలేదు కదా, కూకుంటివి అంతే."

ఆయన ఫోన్ నంబర్ అడగాలని కూడా తోచలేదు నాకు. పేరైనా తెలిసిందంటే బండి వెనక రాసి ఉండాది కాబట్టి. ఇప్పుడు టేకల్ దాటేటప్పుడల్లా రైల్వే గేటు పక్క చూస్తాను. ఒక దినం కనపడకుండా పోతాడా?

ఆసుపత్రి గేటు కాడ సెక్యూరిటీ ఆయన నన్ను చూడగానే లేచి నిలబడినాడు. వెనకంతా ఎర్రగా, తల రేగిపోయి, ఆయాసపడతా వస్తా ఉండాను కదా. భుజం కింద చెయ్యేసి పట్టుకొని, "నిదానం, నిదానం! క్యాజువాలిటీ ఈ పక్క" అని తీసుకుపోతా ఉండాడు!

"కాదన్నా, టమోటా!"

"సరే సరే, మాట్లాడొద్దు" అంటాడు. నాకు బుర్ర తిరిగిపోయిందనుకున్నాడు పాపం. ఒక ముక్క తీసి చూపిస్తే గానీ వదల్లేదు. కానీ ఆ మనిషి ఎంత గట్టిగా పట్టుకున్నాడో! నిజంగా నేను పడిపోయేటట్టుంటే ఆయన పడనిచ్చేవాడు కాదు.

బోర్డు గది ముందర బెంచీ మీద సరళ, పాప. సరళ నన్ను కింది నుంచి పైకి చూసింది, పై నుంచి కిందికి చూసింది. నేను నోరు తెరవకముందే పాప మాట్లాడింది. మాట మధ్యలో గుటకలు మీరే వేసుకోండి.

"నాన్నా... నీ కాళ్లు కూడా... నా మాదిరే. చెప్పిన మాట... వినవు."

అనేసి కిలకిలా నవ్వింది. బెంచీ మీద ఉండే తల్లులంతా నవ్వినారు. నేనూ నవ్వినాను, అప్పా, నవ్వినాను గానీ గోడ పక్కకు తిరిగి కర్చీఫు తీసుకున్నాను. తొమ్మిదేండ్లుగా ఆ పిల్ల కాళ్ల గురించి మా ఇంట్లో ఎవరం నవ్వుతా మాట్లాడలేదు. మొదటిసారి తానే మాట్లాడింది. నన్ను కూడా తన జట్టులో కలుపుకొని మరీ.

అసలు మేము పోగొట్టుకోవాల్సిన టోకెన్ మా చేతికెట్లా వచ్చిందో సరళ అప్పుడు చెప్పింది. కౌంటర్ కాడ ఉండే ఆమె ఫైలు అడిగిందంట. లేదు, మా ఆయన తెస్తా ఉండాడు అని సరళ అనిందంట. "దరఖాస్తు నంబరైనా చెప్పమ్మా, కంప్యూటర్లో చూస్తాను" అని ఆమె అడిగిందంట. సరళకు నంబరు తెలీదు. నాకు ఫోన్ చేస్తే నేను రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకొని టమోటాల మీద ఉండాను. అప్పుడు మా యామిని కౌంటర్ చెక్క పట్టుకొని లేచి నిలబడి, ఒక్కో అంకె, ఒక్కో అంకె, మొత్తం నంబరు చెప్పేసింది! వెనక పెద్ద లైను ఉండాది. ఆ కౌంటర్ ఆమె ఒక్కసారి కూడా తొందర పెట్టలేదంట. అంకెకు అంకెకు మధ్యలో వేలు కీబోర్డు మీద పెట్టుకొని, పాప నోరు చూస్తా కాచుకొని ఉండాదంట. లైన్లో ఎవరో గొణిగితే, "నాకు పని ఉండాది, మీకు లేదు, నేనే ఆగినాను కదా" అనిందంట. చివరి టోకెన్ మాకిచ్చింది. నేను పొద్దునా సాయంత్రం అరిచిన మంత్రం ఎవరికి పట్టిందో చూసినారా? నాకు ఇప్పుడడిగినా సగమే వస్తాది.

లోపల డాక్టర్ మేడం పెద్దామె. జుట్టు నెరిసింది. నేను కూర్చోబోతే, "మీరు నిలబడండి, కుర్చీ తెల్లగా ఉండాది" అనింది. ఫైలు మొత్తం చూసింది. స్కానింగ్ వెలుతురుకు పెట్టి చూసింది. పాపను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ముడిచి, చాపి, గీసి, తట్టి, నిలబెట్టి, నాలుగు అడుగులు నడిపించి చూసింది. మధ్యలో మాటలు పెట్టుకుంది. ఏ క్లాసు, ఏ సబ్జెక్టు ఇష్టం, మీ నాన్న ఎప్పుడూ ఇట్లేనా అని. చివరికి కాగితం మీద శాతం వేసి, "ఇది చాలు. పెన్షన్‌కూ, రైల్వేకూ, మీ ట్యాక్స్‌కూ అన్నిటికీ పనికొస్తాది" అనింది.

చూడండి, ఏ తండ్రైనా బిడ్డకు మార్కులు ఎక్కువ రావాలనే కదా కోరుకుంటాడు. అక్కడ నిలబడి నేను అంకె పెద్దది రావాలని మొక్కుకున్నాను. వచ్చింది. వచ్చినాక దాన్ని మళ్లీ మళ్లీ చదివినాను. ఇంత ఉండాదా నా బిడ్డకు అని. సరళ కూడా ఆ కాగితాన్నే చూస్తా ఉండాది, కళ్లలో నీళ్లు. ఇద్దరం సంతోషపడాల్నో ఏడవాల్నో తెలీక బొమ్మల్లా నిలబడినాం. మా పాప మెడ చాపి ఆ అంకె చదివింది.

"నాన్నా... నేను... పాసా?"

డాక్టర్ మేడం పెన్ను కింద పెట్టేసింది. "డిస్టింక్షన్!" అనింది. అంతే, గదిలో అందరికీ నవ్వులు. ఆ ఒక్క మాటకు నేను ఆ తల్లికి దండం పెట్టుకుంటాను.

తర్వాత రైల్వే ఫారం తీసింది. దాంట్లో ఒక చోట, ఈ మనిషి ఎస్కార్ట్ లేకుండా ప్రయాణం చేయగలరా లేదా అని ఉంటాది. మేడం అక్కడ టిక్కు పెడతా ఉంటే పాప అడిగింది.

"ఎస్కార్ట్... అంటే?"

"అంటే తోడు, పాపా. దారిలో జాగ్రత్తగా చూసుకొని, దిగాల్సిన చోట సరిగ్గా దించే మనిషి."

పాప ఆ మాట విని నా పక్క ఒక చూపు చూసింది. సరళ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పొద్దున చౌడప్ప పెళ్లాం పెట్టుకున్నట్టే. నేను సీలింగ్ ఫ్యాన్ చూస్తా ఉండిపోయినాను.

సర్టిఫికెట్ కొన్నాళ్లకు ఆన్‌లైన్లో వచ్చేసింది. ప్రింటు తీసుకొని ఆఫీసుకు పోతే అకౌంట్స్ ఆయన నిజంగానే మొహం ముందుకు పెట్టి, "కొట్టు" అనినాడు! గడువుకు ఇంగా రెండు దినాలుండాయి. ఆ ట్యాక్స్ మిగలబట్టే పాపకు కొత్త బూట్లు చేయించినాం, పాతవి బిగుతై మడమ కాడ పుండు పడతా ఉండాది. ఇప్పుడు ప్రతి శనివారం నేనూ పాపా రైల్లో బెంగుళూరు పోతా ఉండాం. వికలాంగుల బోగీలో, కూర్చొని, దర్జాగా. వ్యాయామాల మేడం వాకర్ ఇచ్చేసింది. పోయిన శనివారం వాకర్‌తో గోడ నుంచి తలుపు దాకా ఎవరూ పట్టుకోకుండా వచ్చింది మా పాప. తలుపు కాడికి వచ్చి, "టేకల్... వచ్చింది" అనింది నన్ను చూసి.

సెల్వం, చౌడప్ప, వాళ్ల ఆవిడ, ఆ సెక్యూరిటీ ఆయన, కౌంటర్ ఆమె, డాక్టర్ మేడం. నేను నా కాళ్లతో పాడు చేసిన పనిని వీళ్లంతా చేతులేసి నిలబెట్టినారు. ఎవరి రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలీదు. కనీసం ఇంగొకసారి ఇట్లాంటి పని చేయకుండా ఉండాలని గట్టిగా అనుకున్నాను.

అనుకున్నాను కదా. పోయిన శనివారమే, బెంగుళూరికి పోయేటప్పుడు, బండెక్కినాం. బిడ్డను కిటికీ కాడ కూర్చోబెట్టినాను, పక్కన కూర్చున్నాను, తల వెనక్కి ఆనించినాను. అంతే. పదిహేడేండ్ల అలవాటు మీకు చెప్పినాను కదా.

ఎవరో భుజం తట్టి లేపితే కళ్లు తెరిచినాను. మేము దిగాల్సిన స్టేషన్! పాప అప్పటికే బూట్ల పట్టీలు బిగించుకొని, నా బ్యాగు తన ఒళ్లో పెట్టుకొని, తయారుగా ఉండాది. నన్ను లేపింది తనే. ఎదురు సీటాయన నవ్వుతా చెప్పినాడు, మధ్యలో టీసీ వచ్చినాడంట. మా టికెట్లు పాప చేతిలోనే ఉండాయి. టీసీ చూసి, "ఎస్కార్ట్ ఎవరమ్మా?" అని అడిగినాడంట. నేనేమో నోరు తెరుచుకొని గురక పెడతా ఉండాను.

మా పాప చెయ్యెత్తి చెప్పిందంట.

"నేను. ఈయన్ను... టేకల్‌లో... దిగిపోకుండా... తీసుకుపోతా ఉండాను."

టీసీ ఒకసారి నన్ను చూసి, ఒకసారి పాపను చూసి, రెండు టికెట్లూ పాప చేతికే వాపసు ఇచ్చి, "జాగ్రత్తగా తీసుకుపో తల్లీ" అనేసి పోయినాడంట.